శుక్రవారం డిస్కు

పోయిన వేసవిలో పిడుగు పడి చెంచురామయ్య గారి కోల్డ్ స్టోరేజీలో సర్వర్ మాడిపోయింది. అందరూ నెత్తిన చేతులు పెట్టుకున్న ఆ కొద్ది రోజులే గంగయ్య బతుకు మొత్తంలోకీ మంచి రోజులు.

బూర్గంపాడు దాటాక రోడ్డు పక్కనే ఉంటుంది ఆ కోల్డ్ స్టోరేజీ. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల్లో పండిన మిర్చి చాలావరకు అక్కడికే చేరుతుంది. రైతు చేతిలో రసీదు ఉంటుంది, బస్తా మీద నంబరు ఉంటుంది. ఆ బస్తా ఏ చాంబర్లో ఏ అంతస్తులో పడి ఉందో మాత్రం సర్వర్‌కే తెలుసు. సర్వర్ పోయేసరికి మిగిలింది గంగయ్య బుర్ర ఒక్కటే. హమాలీగా చేరి హమాలీల మేస్త్రీ అయినవాడు గంగయ్య. ప్రతి బస్తానూ దగ్గరుండి పేర్పించినవాడు. రైతు మొహం చూస్తే చాలు, రెండో చాంబర్లో గోడ వారన పై అంతస్తు అని చెప్పేసేవాడు. చెంచురామయ్య గారు నిమిషానికోసారి "గంగయ్యా, గంగయ్యా" అంటూ వెంట తిరిగారు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి పట్టుకుని అంత పెద్దాయన అలా తిరుగుతుంటే, అద్దాల గదిలో మాడిన పెట్టె ముందు కూచున్న తిరుపతి మొహం చూడాల్సిందే. గంగయ్య చూశాడు. కడుపునిండా చూశాడు.

తిరుపతి పరాయివాడైతే ఇంత మంట ఉండేది కాదు. ఇద్దరూ ఒకే రోజు బస్తాలు మోయడానికి వచ్చినవాళ్లు, ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నవాళ్లు. తరవాత తిరుపతి ప్రైవేటుగా పది కట్టాడు, ఖమ్మం పోయి కంప్యూటర్ కోర్సు చేశాడు, తిరిగొచ్చి అద్దాల గదిలో ఏసీ కింద కూచున్నాడు. గంగయ్య ఎండలోనే ఉండిపోయాడు. వాడి భుజం మీద కాయ మానిపోయింది, తన భుజం మీదది మానలేదు. గంగయ్యకు అన్నం తింటున్నా అదే ధ్యాస.

పిడుగు గొడవ సద్దుమణిగాక చెంచురామయ్య గారు బ్యాకప్ పెట్టించాలని పట్టుబట్టారు. బేరానికి ఇద్దరు వచ్చారు. తిరుపతి ఎటూ ఉంటాడు, నువ్వు కూడా కూర్చోమన్నారు గంగయ్యని. గంగయ్య మొదటిసారి అద్దాల గదిలో కుర్చీ మీద కూచున్నాడు. అంచు మీదే కూచున్నాడు.

హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు క్లౌడ్ గురించి చెప్పాడు. మీ వివరాలన్నీ ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో దూరాన మా మెషీన్లలో దాస్తాం, ఇక్కడ బిల్డింగ్ మొత్తం కాలి బూడిదైనా మీకేం కాదన్నాడు. శుభమా అని సీజన్ మొదలవుతుంటే ఆ బూడిద మాట చెంచురామయ్య గారికి నచ్చలేదు. ఖమ్మం ఆయన తెలివైనవాడు, కాలడం కూలడం ఊసెత్తలేదు. సర్వర్ పక్కనే ఇంకో పెట్టె పెడతాను, గంట గంటకీ నకలు తీసుకుంటుంది, అది పోతే ఇది అన్నాడు.

తిరుపతి ఊరుకోలేదు. పిడుగు వచ్చేది ఒకే తీగలో, మరి పక్కపక్కనున్న రెండు పెట్టెల్లో ఒకటి పోయి ఒకటి ఎట్లా మిగులుతుందని అడిగాడు. క్లౌడే నయమనుకుందామంటే ఇక్కడి నెట్ కేబుల్ అడవి రోడ్డు పొడుగునా చెట్ల మీదుగానే వస్తుంది. గాలివాన వచ్చిందంటే తెగుతుంది, తెగితే అతికేదాకా నకలు పోదు.

గంగయ్యకు రెండూ వద్దు. ఏదో ఒకటి సరిగ్గా పనిచేసిందంటే ఈ జన్మలో మళ్లీ తనను ఎవరూ పిలవరు. ఆ సంగతి లోపల దాచుకుని, గొంతు మెత్తగా చేసుకుని అన్నాడు.

"నిరుడు నడవలేదా అయ్యా. ఇన్ని పెట్టెలెందుకు. నేను లేనా?"

చెంచురామయ్య గారు నవ్వారు. "నువ్వు కలకాలం ఉంటావా ఏమయ్యా?"

అందులో తప్పేం లేదు. ఆయన వయసుకు ఆయన సరదాగా అన్న మాట. అయినా అది గంగయ్య గుండెలో ముల్లులా దిగబడింది.

అప్పుడు తిరుపతి దారి చెప్పాడు. ఖమ్మం పెట్టే తీసుకుందాం, దానికి తోడు రెండు చిన్న డిస్కులు కొందాం. వారానికోసారి ఒక డిస్కు నింపి అయ్యగారింట్లో పెడదాం, ఇంట్లో ఉన్నదాన్ని ఇక్కడికి తెద్దాం. ఇక్కడ ఏమైనా అక్కడిది మిగులుతుంది.

"రోజూ తాళాలు ఇంటికి మోసేది గంగన్ననే గదా సార్. ఒక్క పొద్దు తప్పిండా? డిస్కు గూడ ఆయన చేతులనే పెడదాం. అందుకే నాకు ధైర్యం."

చెంచురామయ్య గారు తలూపారు. బేరం ముగిసింది. తిరుపతి తనను మెచ్చుకున్నాడని గంగయ్యకు తెలియకపోలేదు. అయితే వాడు మెచ్చుకుంటే గానీ తన విలువ అయ్యగారికి తెలియని రోజు వచ్చిందన్నది అంతకంటే బాగా తెలిసింది.

డిస్కు మార్చే రోజు శుక్రవారమని తిరుపతే పెట్టాడు. ఆ వారం వచ్చిన సరుకు నమోదు ఆ సాయంత్రానికి పూర్తవుతుంది మరి. మొదటి శుక్రవారం గంగయ్య గోదావరి వంతెన దాటి భద్రాచలంలో అయ్యగారింటికి తాళాలూ డిస్కూ తీసుకుపోయాడు. అయ్యగారి భార్య పద్మావతమ్మ గారు ఎప్పట్లాగే తాళాల గుత్తిని దేవుడి ముందు పళ్లెంలో పెట్టారు, పక్కనే డిస్కునీ పెట్టారు. వ్యాపారమంతా ఇందులోనే ఉందటగా అంటూ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు.

చిక్కు అక్కడే వచ్చింది. తరవాతి శుక్రవారం గంగయ్య రెండో డిస్కు పట్టుకుపోయి మొదటిది అడిగాడు. ఆవిడ అతన్ని వింతగా చూశారు.

"శుక్రవారం దీపాలు పెట్టే వేళ లక్ష్మిని గడప దాటిస్తామా గంగయ్యా? రేపొచ్చి పట్టుకెళ్లు. అప్పుడే ఆ రెండోదీ తీసుకురా."

మర్నాడు పొద్దున వెళ్తే ఆవిడ రామయ్య గుడికి పోయారు, పూజగది తాళం వేసి ఉంది. సరే, మార్చే రోజు శనివారం చేయమని తిరుపతికి చెబుదామనుకున్నాడు గంగయ్య. నిజంగానే అనుకున్నాడు. మళ్లీ సాయంత్రం తాళాలతో వెళ్లేసరికి అయ్యగారి ఇంటి హాల్లో, సోఫా మీద, ఫ్యాను కింద తిరుపతి కూచుని ఉన్నాడు. అయ్యగారి ఫోన్ ఏదో బాగుచేస్తున్నాడు. పద్మావతమ్మ గారు సాసరు మీద కప్పు పెట్టి కాఫీ ఇచ్చారు. ఇన్నేళ్లు తాళాలు మోసిన గంగయ్య ఆ వరండా దాటి ఎరగడు. తాళాలు కిటికీ గట్టు మీద పెట్టేసి వచ్చేశాడు. చెప్పాల్సిన మాట చెప్పలేదు.

ఆ తరవాత ఏ శుక్రవారమూ చెప్పలేదు. రెండో డిస్కు సాయంత్రం స్కూటర్ డిక్కీలో పడుకునేది, పొద్దున మళ్లీ సర్వర్ దగ్గరికి పోయేది. రెండూ ఒకే అచ్చు. తగిలించగానే దానంతటది రాసుకునేది కాబట్టి తిరుపతి కూడా అనుమానించలేదు. "మార్చినవా గంగన్నా?" అంటే "అవ్" అనేవాడు. దేవుడి ముందున్న డిస్కు సీజన్ మొదట్లో ఎక్కడ ఆగిందో అక్కడే ఉండి బొట్లు పెట్టించుకుంటోంది. ఈసారి పెట్టె పోతే వాడు నోరెళ్లబెడతాడు, అప్పుడు పిలుస్తారు నన్ను. గంగయ్య రోజూ ఆ పిలుపు కోసం చెవి రిక్కించుకుని బతికాడు.

మే నెలలో ఒక శుక్రవారం, గంగయ్య డిస్కు తీసుకుని బయల్దేరాక గాలివాన కొట్టింది. మళ్లీ పిడుగే. సర్వరూ, దాని పక్కన ఖమ్మం పెట్టే రెండూ కమురు వాసన కొట్టాయి.

శనివారం పొద్దున మిర్చి ధర లేచింది. గేటు ముందు ట్రాలీలు నిలబడ్డాయి. అందరికంటే ముందు ముత్తక్క, చర్ల అవతలి గూడెం నుంచి బండి కిరాయికి మాట్లాడుకుని వచ్చింది. చెంచురామయ్య గారు తొణకలేదు. ఇంట్లో డిస్కు ఉందిగా అని డ్రైవర్ దేవ్‌సింగ్‌ను పంపించారు. డిస్కు వచ్చింది. దాని మీద కుంకుమ పెచ్చు కట్టి ఉంది, బొట్టు మీద బొట్టు, వారం మీద వారం. తిరుపతి దాన్ని గోటితో గీకాడు. గీకుతూ ఆగి, తలెత్తి గంగయ్య వంక చూశాడు.

డిస్కులో ఉగాది ముందు సరుకే ఉంది. ఆ తరవాతిదేం లేదు. చెంచురామయ్య గారు రైతులందరి ముందూ తిరుపతిని కడిగేశారు. ఇంత ఖర్చు పెట్టించి పసుపు కుంకుమలకు పెట్టె కొనిపించావా అన్నారు. తిరుపతి తల దించుకుని నిలబడ్డాడు. అప్పుడొచ్చింది పిలుపు.

"గంగయ్యా, నువ్వే దిక్కయ్యా."

గంగయ్య స్వెట్టర్ వేసుకుని మూడో చాంబర్‌లోకి నడిచాడు. వెనకే దుప్పటి కప్పుకుని ముత్తక్క. చల్లని పొగలో బస్తాలు కప్పు దాకా లేచి ఉన్నాయి. గంగయ్య వాటి వంక చూశాడు. ఏవీ పలకలేదు.

ఈ ఏడు చోటు చెప్పింది కంప్యూటర్. చీటీ చూసి హమాలీలు పేర్చుకుపోయారు. గంగయ్య అక్కడే నిలబడి ఉన్నాడు, నిజమే, కానీ అతని చూపు బస్తాల మీద లేదు. అద్దాల గది మీద ఉంది. తిరుపతి ఏ రోజు ఏ చొక్కా వేసుకున్నాడు, అయ్యగారు ఎప్పుడు వాడి భుజం తట్టారు, ఎవరు వాడికి టీ పట్టుకెళ్లారు, ఎవరినైనా అడగమనండి, గంగయ్య తడుముకోకుండా చెబుతాడు. ముత్తక్క బస్తాలు ఎక్కడ దిగాయో చెప్పలేడు.

అయినా ఒక వరస చూపించాడు. హమాలీలు దింపారు. ముత్తక్క వంగి బస్తా మూతి చూసింది.

"ఇవి నావి గాదన్నా. నేను అడ్డతీగ నారతోటి కుడత. ఇది పురికొస."

ఇంకో వరస దింపించాడు. అవీ కావు. ఆవిడ కోప్పడలేదు.

"నిరుడు నా మొగం జూసే చెప్పినవు గదా అన్నా," అంది అంతే.

గంగయ్య బయటికి వచ్చాడు. ఎండ మొహాన కొట్టింది. స్కూటర్ దగ్గరికి నడిచి డిక్కీ తెరిచాడు. డిస్కు ఇస్తే తన పని అయిపోయినట్టే. ఇవ్వకపోతే చీకటి పడేదాకా బస్తాలు దింపిస్తూనే ఉండాలి, చివరికి అందరికీ తెలిసేది ఒకటే, గంగయ్య బుర్ర ఖాళీ అని. డిస్కు తువ్వాలులో చుట్టి అద్దాల గదికి తీసుకుపోయి బల్ల మీద పెట్టాడు. తిరుపతి తువ్వాలు విప్పి, ఎందుకు ఏమిటి అని అడగకుండా తన ఇంటి నుంచి తెప్పించిన కంప్యూటర్‌కు తగిలించాడు.

తెర మీద పేర్లు దిగడం మొదలైంది. నిన్న సాయంత్రం దాకా అన్నీ ఉన్నాయి. ముత్తక్క సరుకు నాలుగో చాంబర్లో ఉంది. చెంచురామయ్య గారు పరుగున వచ్చారు, ఇదెక్కడిదని అడిగారు.

"ఇంకోటి పక్కన పెట్టించిన సార్. ఎందుకైనా మంచిదని," అన్నాడు తిరుపతి.

"అదీ ముందుచూపంటే," అన్నారు చెంచురామయ్య గారు. అంతకుముందు తిట్టిన తిట్లన్నీ భుజం తట్టి తుడిచేశారు. తరవాత గంగయ్య వైపు తిరిగి, పాపం పెద్దవాడివైపోతున్నావు, చలిలో తిరగకు అన్నారు.

అందరూ వెళ్లాక తిరుపతి తువ్వాలు మడిచి చేతికిచ్చాడు. "శుక్రవారం లక్ష్మిని అమ్మగారు బయటికి ఇయ్యరు గదా. వచ్చే వారం నుంచి శనివారం మారుద్దాం గంగన్నా. నువ్వే తీస్కపోవాలె."

వాడు తిట్టి ఉంటే బాగుండేది. అయ్యగారికి చెప్పి పరువు తీసి ఉంటే ఇంకా బాగుండేది, మిగిలిన బతుకంతా వాణ్ణి నిండుగా తిట్టుకుంటూ గడిపేవాడు. గది దక్కింది వాడికి, కుర్చీ దక్కింది, పేరు దక్కింది. ఆఖరికి మంచితనం కూడా వాడికే దక్కింది.

ఆ సాయంత్రం గంగయ్య తాళాలూ డిస్కూ తీసుకుని వంతెన దాటాడు. పద్మావతమ్మ గారు రెంటినీ పళ్లెంలో పెట్టి, కొత్తగా బొట్టు పెట్టి, గుమ్మంలోంచి వీధి వైపు తొంగి చూశారు.

"తిరుపతి రాలేదా గంగయ్యా? వస్తాడేమోనని కాఫీ కలిపాను."

"రాలేదమ్మా," అన్నాడు గంగయ్య.

ఆవిడ కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. గంగయ్య వరండా మెట్లు దిగి స్కూటర్ స్టార్ట్ చేశాడు.