కంచం అంచున తెల్లన్నం

నేను ఒక యోగా చాపను. చాప అనగానే తుంగతోనో తాటాకుతోనో అల్లినదాన్ని అనుకునేరు. నా ఒంటినిండా ప్లాస్టిక్కే. ఒక షెడ్డులో వేడి యంత్రాల మధ్య సాగి, చల్లారి, ముక్కగా తెగి బయటపడ్డాను. ఆ వెంటనే నాకో సంచి తొడిగి, దానిమీద మూడాకుల బొమ్మ వేసి, 'ప్రకృతి ఒడిలోంచి' అని అచ్చుకొట్టారు. పుడుతూనే ఇంత అబద్ధాన్ని మోశాను కనక, ఎవరెంత తియ్యగా మాట్లాడినా నాకు ముందు అనుమానమే వస్తుంది. నా బుద్ధే అంత అనుకోండి, నాకేం బాధ లేదు.

నన్ను మొదట కొన్నవాడు కాకినాడలో ఒక మేడమీద గదిలో అద్దెకున్న అవినాష్. కొత్త సంవత్సరం ఊపులో తెప్పించుకున్నాడు. ఒకపూట నామీద ఒంటికాలిపై నిలబడి ఫొటో తీసుకుని అందరికీ పంపాడు. వచ్చిన మెప్పులతోనే ఆరోగ్యం కుదుటపడిందేమో, మళ్ళీ నన్ను విప్పలేదు. గది ఖాళీ చేస్తూ నన్ను కింద ఉండే ఇంటావిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆవిడ పేరు హైమావతి. భర్త సూర్యారావుతో కలిసి మెయిన్ రోడ్డులో మ్యాచింగ్ సెంటర్ నడుపుతుంది. చీర అంచు ఒకసారి చూస్తే చాలు, దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ తీసి ముందు పెడుతుంది. గుడ్డ విషయంలో ఎవరూ ఆవిడను మోసం చెయ్యలేరు. మనిషి మాట దగ్గరే ఆవిడ బొత్తిగా అమాయకురాలు. మొదట్లో నన్ను డాబామీద పరిచి మినప వడియాలు పెట్టింది. నాకు ఆ పని హాయిగా ఉండేది.

ఆవిడకు షుగరుంది. రోజూ మాత్రలు మింగి విసిగిపోయిన సమయంలో ఎవరో 'పచ్చని ఉదయం' అనే ఛానెల్ వీడియో పంపారు. అందులో శాంతిప్రియ అనే ఆవిడ తెల్లచీరలో, మొక్కల మధ్య కూర్చుని మాట్లాడుతుంది. కొంగు గాలికి ఎగురుతున్నా వెనక ఒక్క ఆకూ కదలదు. ఆ మొక్కలు నా చుట్టాలేనని నేను వెంటనే పోల్చుకున్నాను. "మొక్క ఇచ్చిందే తినండి. పాలూ పెరుగూ వదిలెయ్యండి. శరీరాన్ని నమ్మండి, సీసాలను కాదు" అనేది ఆవిడ. మందులు మానమని మాత్రం ఎన్నడూ అనలేదు. అనకుండా అనిపించడం ఎంత పెద్ద విద్యో నాకు అప్పుడే తెలిసింది.

హైమావతి ఆ ఛానెల్ గ్రూపులో చేరింది. పొద్దున్నే ఫోన్ని గోడకానించి నామీద ఆసనాలు వేసేది. గ్రూపులో ఒక ఆనవాయితీ ఉంది. మధ్యాహ్నం అందరూ తమ కంచం ఫొటో పెట్టాలి, కింద 'పెరుగు లేని భోజనం' అని రాయాలి. కొందరు ఇంకో అడుగు ముందుకేసి 'మాత్రలు కూడా మానేశాం' అని రాసేవారు. వాళ్ళకి చప్పట్ల బొమ్మలు వరసకట్టేవి. ఆ ఫొటోలు నేనూ చూశాను. పప్పు, కూర, పులుసు అన్నీ కలిపి తిన్న జాడలుంటాయి. కంచం అంచున మాత్రం పిడికెడు తెల్లన్నం అలాగే ఉంటుంది. ఏదో తేడాగా ఉందని అనిపించిందిగాని, ఏమిటో తట్టలేదు.

హైమావతి మాత్రం మజ్జిగచుక్క కూడా ముట్టకుండా చారుతో భోజనం ముగించి లేచేది. "మాత్ర వేసుకున్నావా?" అని సూర్యారావు అడిగితే "ఆఁ, వేసుకున్నానండి" అనేది. వేసుకున్న మాత్ర లేదు, ఏమీ లేదు. అది నా సంచి జేబులో పడేది. లోకం మొత్తాన్ని అనుమానించే నేను, ఆ ఒక్క నిజం తెలిసుండీ చెప్పలేకపోయాను. నోరు లేనందుకు అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

ఒక ఉదయం వంగి లేవబోతూ ఆవిడ నామీదే కూలిపోయింది. ఆసుపత్రిలో షుగరు హద్దు మీరిందన్నారు. ఇంటికొచ్చి సూర్యారావు నన్ను చుట్టిపెట్టబోతూ నా సంచి విదిలిస్తే మాత్రలు రాలాయి. నేలమీద కూర్చుని ఒక్కొక్కటే ఏరాడు.

హైమావతి ఇంటికి చేరాక పలకరించడానికి సువర్చల వచ్చింది. అదే ఊరు, అదే గ్రూపు. బత్తాయిలు పక్కన పెట్టి నామీదే కూర్చుంది.

"పెరుగు లేకుండా ఎలా ఉండగలిగారు వదినా?" అంది.

"అదేంటండి, మీరూ మానేశారుగా. రోజూ ఫొటో పెడుతున్నారు."

సువర్చల నా అంచు గిల్లుతూ కూర్చుంది. "ఫొటో తీశాక, మిగిల్చిన అన్నంలో వేసుకునేదాన్నండి. అందరం అంతే. పెరుగన్నం లేకుండా ఎవరు లేస్తారు చెప్పండి?"

"మరి మాత్రలో?"

"అవి వేసుకుంటూనే ఉన్నానండి. ఊరికే రాశానంతే. అందరూ రాస్తున్నారని."

"మీరు రాసింది చూసే నేను మానేశాను వదినా" అంది హైమావతి మెల్లగా. నాకు సువర్చల మీద కోపం వచ్చింది. ఆవిడ ఏడుస్తుంటే ఆ కోపం నిలవలేదు.

ఆవిడ వెళ్ళాక హైమావతి నామీద కూర్చుని ఫోన్ని గోడకానించింది. జుట్టయినా సవరించుకోలేదు. "నేను హైమావతినండి. మాత్రలు మానేసి ఆసుపత్రిపాలయ్యాను. డాక్టర్ని అడక్కుండా మానకండి. కంచం ఫొటోలు చూసి అసలు మానకండి" అని చెప్పి ఆ వీడియో గ్రూపులో పెట్టింది. చప్పట్ల బొమ్మ ఒక్కటీ రాలేదు. కాసేపటికి ఆవిడని గ్రూపులోంచి తీసేశారు. "పోనీలే" అంటూ సూర్యారావు మాత్రా, మంచినీళ్ళూ అందించాడు.

మాత్ర మింగేలోపు ఫోను మోగింది. తెలియని నంబరు. డబ్బులడిగే మోసగాళ్ళేమోనని నా అనుమానం.

"అక్కా, మాది తుని. మీ వీడియో తీసేసేలోపు చూశాను" అంది ఒక సన్నటి గొంతు. "నేనూ మానేశానక్కా. ఇంట్లో ఎవరికీ తెలీదు. నాలుగు రోజులుగా కళ్ళు మసకేస్తున్నాయి."

హైమావతి గ్లాసు కింద పెట్టింది. "నీ పక్కన ఎవరున్నారమ్మా ఇప్పుడు?"

"అత్తగారున్నారు. వంటింట్లో."

"ఫోను పెట్టకు. తీసుకెళ్ళి ఆవిడకియ్యి."

పెట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత తలుపు తీసిన చప్పుడు, దాని వెనకే "అత్తయ్యా" అన్న పిలుపు వినిపించాయి.