అరచేయి అడ్డం

మొదటిసారి అది అనుకోకుండా జరిగింది. ఆ ఒక్కసారికి నన్ను నేను క్షమించుకోగలను.

కొత్తవాడలో మాది జంపఖానాల దుకాణం. ముందు గది వీధిలోకి ఉంటుంది, వెనక గదిలో సరుకు. వెనక గదివి మా తాత కట్టించిన రాతిగోడలు. అక్కడ ఫోనుకు ఒక్క గీత సిగ్నల్ వస్తుంది, అదీ నిలకడగా ఉండదు. ఆషాఢంలో ఒక సాయంత్రం మా అక్క ఫోనులో ఉండగా, ఒక గిరాకీ ఎర్రచారల జంపఖానా అడిగాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే వెనక గదిలోకి వెళ్లాను. పై వరసలోంచి దాన్ని లాగడానికి కుడిచెయ్యి కావాలి. ఫోను ఎడమచేతికి మార్చుకొని, జారిపోకుండా కింది సగాన్ని గుప్పిట్లో బిగించాను.

"తమ్మీ, ఇనవడ్తలేదు. నీ మాట ముక్కలు ముక్కలైతాంది. హలో."

నాకు మాత్రం ఆమె మాట స్పష్టంగా వినబడుతూనే ఉంది. "అక్కా, చెప్పు" అన్నాను. ఆమె ఇంకో రెండుసార్లు హలో అని, "సిగ్నల్ లేనట్టున్నది, రేపు చేస్త" అని పెట్టేసింది.

గిరాకీ ముందు జంపఖానా పరుస్తున్నప్పుడు నా భుజాలు తేలికగా ఉన్నాయని గమనించాను. ఎందుకు తేలికయ్యాయో తెలుసుకోవడానికి నాకు ఎక్కువసేపు పట్టలేదు.

మా అక్క రాజక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. ఉండేది పాలకుర్తిలో. మా బావ రాజమల్లు ఉగాది తర్వాత పదిరోజులకు పోయాడు. ఆ పొద్దున బావ రెండోసారి చాయ అడిగాడు. అక్క బియ్యం ఏరుతోంది. "పొద్దాక నీకు చాయలు పెట్టుడేనా నా పని, హోటల్ల తాగి రారాదు" అంది. బావ నవ్వి చెప్పులేసుకొని వెళ్లాడు. హోటల్ దాకా వెళ్లనే లేదు. బస్టాండు మలుపులో గుండె పట్టుకొని కూర్చున్నాడు, అక్కడే పోయాడు.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆరింటికి అక్క ఫోన్ చేసేది. ఏవో రెండు మాటలు మాట్లాడి, చాయ దగ్గరికి వచ్చేది. చివరికి ఒకటే ప్రశ్న: "నేను చాయ పోస్తె ఇంట్లనే ఉండేటోడు గదా, తమ్మీ?"

"దానికీ దీనికీ ఏం సంబంధమక్కా. డాక్టర్ చెప్పిండు గదా, ఇంట్ల ఉన్నా అయ్యేదే అని" అనేవాణ్ణి. ఆమెకు కావలసింది ఆ ఒక్క మాట. దానితో ఒక రోజు గడిచేది. మర్నాటికి మళ్లీ ఖాళీ అయ్యేది.

నాకు పెళ్లి కాలేదు. దుకాణం వెనకాలే ఉంటాను, ఒక్కణ్ణే వండుకుంటాను. అలాంటివాడికి రోజూ ఒక మనిషి దుఃఖం వినడం ఏమంత కష్టం అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. మొదటి నెల నిజంగానే ఆమె కోసం చెప్పాను. రెండో నెలలో నా గొంతు దానంతట అదే చెప్పడం మొదలుపెట్టింది. మూడో నెలలో ఐదున్నర అయ్యేసరికి లెక్క సగంలో వదిలి గోడ గడియారం చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆమెను చూసి కాదు, ఆ గడియారాన్ని చూసి నాకు భయం.

మొదటిసారి జరిగిన మర్నాడు, అక్క ఫోన్ రాగానే, గిరాకీ లేకుండానే వెనక గదిలోకి వెళ్లాను.

రెండు వీధుల అవతల ఫోన్లు బాగుచేసే మల్లికార్జున్ ఉన్నాడు. అతన్ని మాటవరసకు అడిగినట్టు అడిగాను.

"కింది అంచుల యాంటెన్నా ఉంటదన్నా" అన్నాడు, స్క్రూ పళ్ల మధ్య పెట్టుకునే. "సిగ్నల్ బలంగున్నకాడ ఏం గాదు. తక్కువున్నకాడ గట్ల గుప్పిట పడితె మన మాట టవర్ దాక పోదు. దాని మాట మనకొస్తది. అది పెద్దాసామి, ఎంత దూరమన్నా అరుస్తది. మన ఫోన్ గరీబుది గదా. ఏం, కవర్ మార్చాల్నా?"

"వద్దు" అన్నాను.

నోటితో నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. దాన్ని పట్టుకొని చాలా రోజులు వేలాడాను. సిగ్నల్ లేదని చెప్పింది ఆమె. నేను "అక్కా, చెప్పు" అనే అన్నాను, ప్రతిసారీ. ఆ మాట ఆమెకు చేరకపోవడం నా గుప్పిట చేసిన పని. గుప్పిటను విడిగా ఒక మనిషిలా చూడటం అలవాటు చేసుకున్నాను. నేను మంచివాణ్ణి, అది కాదు.

మొదట్లో ఆమె ప్రశ్నకు జవాబు చెప్పాకే బిగించేవాణ్ణి. తర్వాత ప్రశ్న రాకముందే. ఆ తర్వాత బావ పేరు రాగానే. అయితే అక్క వెంటనే పెట్టేసేది కాదు. "ఇంటున్నవో లేదో తమ్మీ, నేనైతె చెప్తాన" అని చెప్పుకుంటూ పోయేది. బియ్యం, చాయ, చెప్పులు. చివరికి అడిగేది. అడిగి ఆగేది. ఆ ఆగడమంతా నేను విన్నాను. ఆమె ఊపిరి వినబడేది. నా జవాబు ఎక్కడో దారిలో ఉందన్నట్టు ఆగేది. నేను రాతిగోడకు ఆనుకొని, వేళ్లు తెల్లబడేదాకా బిగించి నిలబడేవాణ్ణి. అప్పుడు గుప్పిట వదిలితే చాలు. వదల్లేదు.

దసరా తర్వాత మా మేనకోడలు యమున ఫోన్ చేసింది. జనగామలో ఉంటుంది.

"మామా, అమ్మ గుట్టెక్కుతాంది."

"గుట్ట మీది దేవునికి మొక్కేమన్నా ఉన్నదా?"

"మొక్కు గాదు, సిగ్నల్. నీకు ఫోన్ చేసెటందుకు. ఇంట్ల కలుస్తలేదని సగం మెట్ల దాక ఎక్కి కూసుంటాంది, నెలసంది. మోకాళ్లకు సూదులేపిచ్చి తీస్కొచ్చిన, దవాఖానల మెట్లెక్కద్దన్నరు. ఇంటదా? సిమ్ము మార్చిన. కంపెనీ మార్చిన. నాతోని మంచిగనే ఇనవడ్తది మామా, నీకొక్కనికే కలుస్తలేదు. జర పోయి చూడరాదు."

కొన్ని రోజులుగా అక్క మాట వెనక గాలి, అప్పుడప్పుడు గంట వినిపించేవి. టీవీ అనుకున్నాను. కాదు, అనుకోవాలని అనుకున్నాను. ఆ గంట వింటూ కూడా గుప్పిట బిగించాను.

ఆదివారం హన్మకొండలో ఒక కొత్త ఫోను కొని సంచిలో వేసుకొని పాలకుర్తి బస్సెక్కాను. దారంతా ఆ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. కొత్త ఫోను ఇస్తాను, నేను గుప్పిట మానేస్తాను, పాత ఫోనుదే తప్పు అయిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు. వర్ధన్నపేట దాటేసరికి నాకు దాదాపు ప్రశాంతంగా ఉంది.

ఇంటికి తాళం ఉంది. గుట్ట కిందికి వెళ్లాను. మెట్ల మొదట్లో కొబ్బరికాయలమ్మే కట్టమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"రాజక్క తమ్మునివా? ఫోన్ల ఇనవడని తమ్మునివా?"

"అవునమ్మా."

"మంచిగ ఇనవడ్తాంది గదయ్య నా మాట" అని నవ్వింది. "పో, పైనున్నది. ఫోన్ కట్టయినంక గూడ మాట్లాడుకుంటనే ఉంటది. దేవునికి చెప్పుకుంటాంది కావచ్చనుకున్న మొదలు. నీకేనంట."

అక్క సగం మెట్ల మీద, పిట్టగోడ పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో ఫోను. ఆరు కావడానికి ఇంకా అరగంట ఉంది. ముందే వచ్చి కూర్చుంటుందన్నమాట.

"ఫోన్ చేస్తె మాట వస్తలేదు, మనిషే వచ్చినవా" అంది. "దుకాణం బందువెట్టినవా? గిరాకులు నన్ను తిడ్తరు."

"తిట్టనీ."

"చిక్కినవ్ రా. వండుకుంటలేవా?"

దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆగి, తర్వాతి మెట్టు. చెయ్యి పట్టుకోబోతే వద్దంది. నేను మెట్లు లెక్కపెట్టకుండా ఉండటానికి ప్రయత్నించాను. అరవై నాలుగు.

ఇంట్లో ఆమె చేసిన మొదటి పని పరీక్ష. నన్ను వీధిలోకి పంపి, తను వంటింట్లో నిలబడి నాకు ఫోన్ చేసింది. నేను ఫోను రెండు వేళ్లతో పైఅంచు దగ్గర పట్టుకున్నాను. రెండే గీతలు, అయినా గంటలా వినబడింది. పడకగదిలోంచి చేసింది. పెరట్లోంచి చేసింది. అంతటా బాగుంది.

నేను లోపలికి వచ్చేసరికి ఆమె తన ఫోనును అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"మరి గిన్నొద్దులు ఏమైంది దీనికి? గీ ఫోనుకు నువ్వంటె పడదో ఏమో."

సంచిలో డబ్బా నా చేతికి తగులుతూనే ఉంది. తీసి ఇస్తే సరిపోయేది. తీయలేదు. నిజాయితీ వల్ల అనుకోను. ఆ అరవై నాలుగు మెట్లూ ఒక్కణ్ణే మోయలేకపోయాను, అంతే.

"నీ ఫోన్ మంచిగనే ఉన్నదక్కా. చెయ్యి నాకు" అన్నాను.

ఆమె చేసింది. ఎదురెదురుగానే నిలబడ్డాం. కింది సగాన్ని గుప్పిట్లోకి తీసుకొని చూపించి, బిగించి, గోడవైపు తిరిగి మెల్లగా మాట్లాడాను. ఆమె చెవి దగ్గర ఫోనులో నా మాట విరిగిపోయింది. వదిలాను. అతుక్కుంది. మళ్లీ బిగించాను.

ఆమె ఫోను చెవి దగ్గర్నుంచి దించింది.

"ఎప్పటిసంది?"

"ఆషాఢంసంది."

తన ఫోను పక్కన పెట్టింది. తర్వాత నా ఎడమచెయ్యి తీసుకొని వేళ్లు విప్పి చూసింది. "గంత గట్టిగ పడితె నొయ్యదారా?" అంది.

ఆమె తిడుతుందని బస్సులో కాదు గానీ, ఎన్నో సాయంత్రాలు ఊహించుకున్నాను. ఏడుస్తుందని కూడా. ఇది ఊహించలేదు.

"విసుగొస్తాందని చెప్తె అయిపోవు గదరా" అంది. "నేనే సోయి లేనిదాన్ని. మీ బావను సతాయించిన. నిన్ను గూడ సతాయించిన."

"అట్లనకక్కా."

"రోజూ అదే ముచ్చట. ఎవలికన్నా యాష్టకొస్తది."

పొయ్యి ముట్టించి చాయ పెట్టింది. తాగాను. గ్లాసు కింద పెట్టేలోపే మళ్లీ నింపింది. నేను అడగలేదు. వద్దనలేదు కూడా. ఆమె నా గ్లాసు వైపే చూస్తూ కూర్చుంది. అప్పుడు నాకు అర్థమైంది, నేను దించుకున్న బరువు ఎక్కడ పెట్టానో. ఒక తప్పు మోస్తున్న మనిషి దగ్గరికి నా తప్పు తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె దాన్ని కూడా తనదే అని తీసుకుంది.

కొత్త ఫోను సంచిలోనే తిరిగొచ్చింది.

సోమవారం ఆరింటికి ఫోను మోగలేదు. మంగళవారం మోగలేదు. యమున ఫోన్ చేసి, "ఏం చేసినవ్ మామా, అమ్మ గుట్టెక్కుడు బందువెట్టింది" అని సంతోషపడింది. ఐదున్నరకు నా కళ్లు మాత్రం మామూలుగానే గడియారం మీదికి పోయాయి.

గురువారం నేనే చేశాను. ముందు గదిలో, గల్లాపెట్టె మీద ఫోను పెట్టి, స్పీకర్ వేసి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాను.

"తమ్మీ, తిన్నవా?" అంది. యమున కొడుకు బడి గురించి చెప్పింది. కట్టమ్మ నన్ను అడిగిందని చెప్పి నవ్వింది. ప్రతి మాటా తేటగా వినబడుతోంది. ఆరూ పది అయింది. ఆమె ఆ చాయ దగ్గరికి రాలేదు.

"అక్కా" అన్నాను. "ఆ పొద్దు బావ చాయ అడిగినప్పుడు..."

"తమ్... నీ... సిగ్న..." ఆమె మాట విరిగింది. "ఇన... లే... రేపు..."

ఆదివారం ఆ వంటింట్లోంచి ఆమె మాట రెండు గీతలతోనే తేటగా వినబడింది. ఏ అంచు పట్టుకోవాలో, ఎంత బిగించాలో నేనే చూపించాను. నాకు విసుగు కలగకూడదని తన ఫోను తనే అలా పట్టుకుంది. ముడతలు పడ్డ ఆ చేతి వేళ్లు ఇప్పుడు తెల్లబడుతుంటాయి.

ఫోను కట్ కాలేదు. కట్ చేయడం ఆమెకు చేతకాదు, నాకు చేతకానట్టే. అరచేయి అడ్డం పెట్టినవాళ్లకు అవతలి మాట వస్తూనే ఉంటుంది. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"అక్కా, నీకు ఇనవడ్తాంది" అన్నాను. "బావ అంతకుముందు వారంసంది రొమ్ము నొస్తాందని మందుల దుకాణం పోయిండు. నీకు చెప్పద్దన్నడని, ఆయన పోయినంక యమున చెప్పింది గదా. నువ్వు చాయ పోసినా పొయ్యకున్నా అయ్యేదే. నీ మాటకు నవ్వుకుంటనే పోయిండు. నువ్వే చెప్పినవ్ గదా, నవ్విండని."

అవతల ముక్కలు కూడా లేవు. ఒక గిరాకీ మెట్టెక్కబోయి, నా ముఖం చూసి ఆగాడు. కూర్చోమని సైగ చేశాను.

"రేపు గూడ ఆరింటికి నేనే చేస్త. చాయ ముచ్చట చెప్పకుంటె నేనే అడుగుత. నాకు విసుగొస్తది అక్కా. వచ్చినా ఇంట. వచ్చిందని చెప్త కూడా."

ఆమె అన్నిసార్లు ఆగినట్టు నేనూ ఆగాను. ఫోను మీద సెకన్లు పెరుగుతున్నాయి. చేతులు మోకాళ్ల మీదే ఉంచాను. చాలాసేపటికి, దూరంగా స్టవ్ అంటించిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత, విరగకుండా, ఆమె ఊపిరి.