నాజ్ లేబుల్

రాయదుర్గంలో జీన్స్ ప్యాంటు కుట్టని వీధి లేదు. ఆ ప్యాంటు మీద సొంత పేరు వేసుకున్నవాడు మాత్రం వెతికినా దొరకడు. సైఫుల్లా తాత దూది ఏకాడు, నాయన పరుపులు కుట్టాడు, సైఫుల్లా ఆరు మిషన్లు పెట్టి ప్యాంట్లు కుట్టిస్తున్నాడు. గుడ్డ సావుకారి గంగాధరప్పది, దారం గంగాధరప్పది, నడుము వెనక కుట్టే లేబుల్ కూడా ఆయన పంపించిందే. ఒక లాటుకు సింహం బొమ్మ వచ్చేది, ఇంకో లాటుకు ఎవరో దొర పేరు. ఆ దొర ఎవరో, ఏ ఊరో, కుట్టేవాళ్లకు తెలియదు, కొనేవాళ్లకూ తెలియదు. రెక్కలు సైఫుల్లావి, పేరు దొరది, లాభం గంగాధరప్పది. లోకం ఇట్లాగే బాగా నడుస్తుంది.

సైఫుల్లాకు ఒకటే ఆశ. ఒక్క లాటయినా తన లేబుల్‌తో బజారుకు పోవాలి. తన పేరు కూడా కాదు, ఏడేళ్ల కూతురు నాజ్‌నీన్ పేరు. ‘నాజ్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో సుద్దముక్కతో గోడ మీద రాసి పెట్టుకున్నాడు. భార్య రమీజా దాన్ని చెరిపేయకుండా చుట్టూ సున్నం కొట్టింది.

రెండువేల ఒకటో సంవత్సరంలో బస్టాండు పక్క మేడ మీద కంప్యూటర్ సెంటర్ వెలిసింది. ‘ఇ-కామర్స్ నేర్పబడును, ఇంట్లో కూర్చుని ప్రపంచానికి అమ్మండి’ అని బోర్డు. సైఫుల్లా దాని కింద నిలబడి రెండుసార్లు చదివి, మెట్లెక్కాడు.

నేర్పేవాడు సందీప్, అనంతపురం పిల్లోడు, ఇంకా మీసం సరిగా రాలేదు. నేర్చుకునేవాళ్లంతా డిగ్రీ పిల్లలు. వాళ్లలో గంగాధరప్ప కొడుకు భరత్ కూడా ఉన్నాడు. నలభై ఏళ్ల సైఫుల్లా, చొక్కాకు దారం పోగులు అంటుకుని వచ్చి బెంచీ చివర కూర్చుంటే వాళ్లకు పండగే అయింది. మొదటి రోజే ‘ప్యాంట్ల సాయిబు’ అని పేరు పెట్టేశారు. కత్తెర పట్టి కాయలు కాచిన బొటనవేలికి మౌసు లొంగకపోతే, “కత్తిరించొద్దన్నా, అది గుడ్డ కాదు,” అని వెనకనుంచి ఒకడు అన్నాడు. సైఫుల్లా కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని అతనికి తెలుసు.

సందీప్ బోర్డు మీద ఒక అంగడి గీసి పాఠం మొదలుపెట్టాడు.

“ముందు పేరు కొనల్ల. ఎవరు ముందు కొంటే వాళ్లది. ఏటేటా దానికి బాడుగ కట్టల్ల. ఊరకే ఇచ్చే పేజీ కూడా ఉండాది, అయితే దాని అడ్రస్ మూరెడు పొడుగుంటాది, పేరు మీది కాదు.”

“నా కూతురి పేరుకు నేను బాడుగ కట్టేదా?” అన్నాడు సైఫుల్లా. “నలుగురి ముందర, పిల్ల చెవిలో చెప్పి పెట్టిన పేరప్పా అది. ఈ ఊర్లో ఎవురు ఎత్తుకపోతారు?”

క్లాసంతా నవ్వింది. భరత్ మాత్రం నవ్వలేదు.

మరునాడు రేటు పాఠం. వచ్చినవాళ్లందరికీ ఒకే రేటు కనపడేటట్టు రాయాలన్నాడు సందీప్. సైఫుల్లాకు ఈ మాట బొత్తిగా మింగుడు పడలేదు. రాయదుర్గంలో రేటు నోటితో చెప్పే మాటే కాదు. సావుకారి, కుట్టించేవాడు ఎదురెదురుగా కూర్చుంటారు. చేతుల మీద తువ్వాలు కప్పుతారు. దాని కింద వేళ్లు పట్టుకుని కూలి తెగ్గొడతారు. పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియదు. పైగా అడిగినవాడికి వెంటనే చెప్పడం చేతకానివాడి పని. అడిగితే పలకకూడదు, ఎటో చూడాలి, రెండోసారి అడిగించాలి. ముందు నోరు తెరిచినవాడిదే నష్టం. ఇది సైఫుల్లా నాయన దగ్గర నేర్చిన చదువు.

సందీప్ ఆ చదువునూ కొట్టిపారేశాడు. “ఎవురన్నా రేటు అడిగితే ఆ పొద్దే జవాబియ్యల్ల. అవతలోనికి నీ మొగం కనపడదు గదన్నా. నువ్వు ఊరకుంటే బేరమాడుతున్నావనుకోడు, అంగడి మూసినావనుకుంటాడు.”

మీసం రాని పిల్లోడికి బేరమేం తెలుసునని సైఫుల్లా ఆ మాటను అక్కడే వదిలేసి మెట్లు దిగాడు.

బళ్లారిలో ఒక చుట్ట గుడ్డ కొన్నాడు. మంచి దారం పెట్టి తనే కూర్చుని కొన్ని ప్యాంట్లు కుట్టాడు. ఫోటోలు తీయించి ఊరకే వచ్చే పేజీలో సందీప్ చేత ఎక్కించాడు. పైన ‘నాజ్ జీన్స్, రాయదుర్గం’. రేటు దగ్గర ఏం రాయాలన్నా అని సందీప్ అడిగితే, “మాట్లాడుకుందాం అని రాయి,” అన్నాడు. సందీప్ తల పట్టుకుని అట్లాగే రాశాడు.

కొన్ని వారాలకు నిజంగానే కంప్యూటర్లో ఉత్తరం వచ్చింది. ఆ సాయంత్రం సందీప్ ఊళ్లో లేడు. ఇంగ్లీషు కూడబలుక్కునే సైఫుల్లా పక్కనున్న భరత్‌ను చదివిపెట్టమన్నాడు. పిల్లిని పాలకు కాపలా పెట్టినట్టేనని అతనికి తట్టలేదు. ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకుంటే అందరూ ఒకటే అయిపోతారనుకున్నాడు పాపం.

“మద్రాసు షాపోళ్లన్నా,” అన్నాడు భరత్. “కుట్టు బాగుండాదంట. ‘నాజ్’ అనే పేరు కూడా నచ్చిందంట, అదే లేబుల్‌తో కావల్లంట. రేటెంత, తొందరగా చెప్పండి అంటాండారు.”

సైఫుల్లాకు అప్పుడే లేచి ఇంటికి పరుగెత్తాలనిపించింది. పైకి మాత్రం గడ్డం నిమురుకున్నాడు.

“తొందరగా అన్నాడంటే వానికి అవసరముండాది. ఇంకోసారి అడగనీ.”

భరత్ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. “అట్లే చెయ్యన్నా. మా నాయన కూడా అదే చేస్తాడు.”

అబద్ధం కాదు. వాళ్ల నాయన అదే చేస్తాడు. నిజం చెప్పి గొంతు కోయడం ఆ ఇంటి విద్య.

ఇంటికి వచ్చి చెబితే రమీజా కత్తెర పక్కన పెట్టింది. “అడిగినోనికి చెప్పేదానికేమి? పోయి చెప్పిరా.”

“నీకు తెల్దులే. బేరమంటే ఓపిక పట్టల్ల.”

ఓపిక పట్టాడు. రోజూ సాయంత్రం మెట్లెక్కి, కంప్యూటర్లో ఉత్తరాల పెట్టె ఖాళీగా ఉందని చూసి, మద్రాసువాడు కూడా గట్టివాడేనని మెచ్చుకుని దిగివచ్చేవాడు. ఇంట్లో గోడ మీద సుద్ద అక్షరాలను మళ్లీ దిద్దాడు. లేబుల్ ఎరుపా పసుపా అని నాజ్‌నీన్‌ను అడిగాడు. ఎరుపు అంది పిల్ల.

సందీప్ ఊరినుంచి వచ్చి సంగతి విని అరిచినంత పని చేశాడు. “ఇంగా రాయలేదా? ఏమన్నా నువ్వు!” అప్పటికప్పుడు రేటు పెట్టి జవాబు రాశాడు. మరునాడే మద్రాసునుంచి నాలుగు ముక్కల్లో మర్యాదగా సమాధానం. మీ ఊరి నాజ్ కంపెనీవాళ్లకు ఆర్డరు ఇచ్చేశాం, మీరూ వాళ్లేనా?

సందీప్ కంప్యూటర్లో ‘నాజ్’ పేరు కొట్టాడు. పొట్టి అడ్రస్, ముచ్చటైన పేజీ. అవే ప్యాంట్లు, సైఫుల్లా తీయించిన ఫోటోలే. కింద భరత్ ఫోన్ నంబరు. పక్కనే రేటు, అందరికీ కనపడేటట్టు, పాఠంలో చెప్పినట్టే. క్లాసులో బాగా చదివినవాడు వాడొక్కడే.

“తీసేపిచ్చలేమా?” అని అడిగాడు సైఫుల్లా.

“పేరు కొన్నాడన్నా. కొన్నోనిదే.”

సైఫుల్లా అట్నుంచి అటే గంగాధరప్ప గోడౌన్‌కు పోయాడు. పోయేటప్పుడు నోట్లో చాలా మాటలున్నాయి. పరుపు మీద కూర్చున్న గంగాధరప్పను చూడగానే ఒక్కటి మిగిలింది.

“అది నా బిడ్డ పేరు సావుకారీ.”

“నేను కాదన్నానా? మంచి పేరు. నా కొడుకు కొన్నాడు, నువ్వు కొనకపోతివి.” గంగాధరప్ప కోపంగా లేడు. ఎంతో ముద్దుగా చెబుతున్నాడు. “రా, కూర్చో. మద్రాసు లాటు నువ్వే కుట్టల్ల. నీ కుట్టు నచ్చింది వాళ్లకు.”

తువ్వాలు తీసి చేతుల మీద కప్పాడు. దాని కింద సైఫుల్లా చెయ్యి పట్టుకుని, పోయిన లాటుకు పట్టిన వేళ్లలో ఒకటి మడిచేశాడు.

“కూలి తగ్గిచ్చినావే సావుకారీ.”

“క్లాసుకు పొయ్యేంత తీరిక ఉండాది నీకు. అంటే నేనిచ్చే కూలి ఎక్కువైనట్టే గదప్పా. వద్దంటే చెప్పు, పక్క వీధిలో లక్ష్మక్క మిషన్లు ఖాళీగానే ఉండాయి.”

సైఫుల్లా పలకలేదు. ఎటో చూశాడు. రెండోసారి అడుగుతాడేమోనని ఒంటిలో ఏదో మూల ఇంకా ఆశ. గంగాధరప్ప అడగలేదు. తువ్వాలు తీయబోయాడు. సైఫుల్లా ఆ మడిచిన వేలితోనే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని సరేనన్నాడు.

గుడ్డ వచ్చింది. గుడ్డతోపాటు లేబుళ్ల కట్ట. ఎర్రటి పట్టీ మీద తెల్లని అక్షరాలు. లేబుళ్లు ఎప్పుడూ లెక్క పెట్టే పంపుతారు. ఒక లేబుల్ తక్కువైతే ఒక ప్యాంటు బయట అమ్ముకున్నట్టే లెక్క, కుట్టించేవాడు దొంగ కిందే జమ. ఇది అందరికీ తెలిసిన ధర్మం.

నాజ్‌నీన్‌కు తెలియదు. బడినుంచి వచ్చి కట్ట చూసి, అక్షరం అక్షరం కూడుకుని, ఇల్లు ఎగిరిపోయేటట్టు కేక పెట్టింది. “నాయనా, నా పేరు అచ్చేసినారు!” ఎరుపు తను చెప్పిన రంగే. వీధిలో పిల్లలందరినీ పిలుచుకొచ్చి చూపించింది. నా బడి సంచికి ఒకటి కుట్టమని రమీజా కొంగు పట్టుకుంది. రమీజాకు అంతా తెలుసు. తెలిసీ కాదనలేక ఒకటి తీసి సంచికి కుట్టింది.

సైఫుల్లా చాయ్ తాగి వచ్చి సంచి చూశాడు. గూట్లోంచి బ్లేడు తీశాడు.

“ఒకటే గదా,” అంది రమీజా.

“ఒకటే,” అన్నాడు. సంచి ఒళ్లో పెట్టుకుని ఒక్కో కుట్టు తెంపాడు. చేతకానివాడు గుడ్డ చింపేస్తాడు, సైఫుల్లా పనిమంతుడు, లేబుల్‌కు గీత కూడా పడలేదు. పిల్లలు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముందు నాజ్‌నీన్‌కు ఏడుపు కూడా రాలేదు.

“నా పేరు గదా నాయనా?”

“కాదు. సావుకారిది.”

“మరి నా పేరేమి?”

సైఫుల్లా మిషన్ ముందు కూర్చుని, ఆ లేబుల్‌ను ప్యాంటు నడుముకు ఆనించి, వంకర పోకుండా నాలుగు వైపులా కుట్టాడు. మద్రాసు లాటులో మొదటి ప్యాంటు అదే.