ముందుగది కింద నడుస్తున్న నేల

కోడలు ముందుగది ఊడుస్తోంది. గోడ మొదట్లో రోజూ రాలే సున్నప్పొడిని చేటలోకి ఎత్తుతుంటే వంటింట్లోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"మెల్లగా ఊడ్చమ్మా, మీ మావయ్య పరువు కూడా అందులోనే ఉంది!"

ఆ మావయ్య, తాపీ మేస్త్రి, వినీ విననట్టు టీ తాగుతున్నాడు. ఊళ్ళో సగం గోడలు ఆయన కట్టినవే, ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. తీరా సొంతింటి దగ్గరికొచ్చేసరికి గోడ నిలువునా బీటలిచ్చింది. పూడిస్తే మళ్ళీ విచ్చుకుంది. పునాది తవ్వి చూసినా తప్పు దొరకలేదు. ఇక చేతిలో పస పోయిందనుకుని పని మానేశాడు. బడికి కొత్త గది కట్టమని హెడ్మాస్టరు ఇంటికొచ్చి బతిమాలినా, "పిల్లలు కూర్చునే చోటండీ. నా చేతిని నేనే నమ్మను" అన్నాడు. ఇవాళ ఒప్పుకోకపోతే ఆ పని వేరేవాళ్ళకి పోతుంది.

కోడలు నోరు మెదపని మనిషే గాని, ఆమె కళ్ళు ఊరుకోవు. చెత్త పారబోయడానికి వెళ్ళినప్పుడల్లా ఒక సంగతి గమనిస్తూనే ఉంది. తమ బీటకు సూటిగా వీధి కాలవ గట్టు వంగింది. దానికి సూటిగా ఎదురింటి ప్రహరీ కూడా అటే జరిగింది. ఆ ప్రహరీ మావయ్య కట్టింది కాదు. అందరి చేతులూ ఒకే గీత మీద ఎలా తప్పుతాయి? అడిగితే నవ్వుతారేమోనని ఊరుకుంది.

ఆ ఉదయం కాలవ గట్టు దగ్గర ఒకామె మోకాళ్ళ మీద కూర్చుని టేపుతో కొలుస్తోంది. భూమి గురించి చదువుకున్న మనిషట. కోడలు చేట పక్కన పెట్టి వెళ్ళింది.

"మా ఇంట్లో కూడా ఉందండీ, చూస్తారా?"

ఆమె లోపలికొచ్చి బీటను వేళ్ళతో తడిమి చూసింది. "ఎవరండీ కట్టింది?"

"నేనే. తిట్టాలంటే తిట్టండి, ఇంట్లో అలవాటే" అన్నాడు మేస్త్రి.

"తిట్టడమా! నేల ఇంత లాగినా ఒక్క రాయి ఊడలేదు. భూమి పైపెంకు ఒకటే ముక్క కాదండీ, పెద్ద పెద్ద పలకలు. వాటి కిందున్నదీ రాయే. కానీ అక్కడి వేడికి యుగాల తరబడి ముద్దలా మెల్లగా సాగుతుంటుంది. ఇంకా లోతున కరిగిన ఇనుము, నట్టనడుమ గట్టి ఇనపగుండు. ఆ పైపలకల్లో రెండు సరిగ్గా ఈ బీట కిందే ఒరుసుకుంటున్నాయి. ముందుగది అటు పోతోంది, మీ వంటిల్లు ఇటు."

"ఎంత జోరుగా?" అత్తగారు గరిటెతోనే వచ్చేసింది.

"మీ గోరు పెరిగినంత కూడా ఉండదు."

"అదీ సంగతి! ఈయన రోజురోజుకీ నాకు దూరమైపోతున్నాడని నేనెప్పుడో అన్నాను."

కోడలికి నవ్వాగలేదు. మేస్త్రి మాత్రం నవ్వలేదు. నేల మీద చతికిలబడి, పసిబిడ్డ గుండె మీద పెట్టినట్టు అరచెయ్యి ఆనించాడు.

"కొండలూ సముద్రాలూ అన్నీ మోసుకునే పోతోందా?"

"అన్నీను."

"ఇంత బరువెత్తుకుని, చప్పుడు లేకుండా, తొందర లేకుండా..." ఆయన అరచేత్తో నేలను నిమిరాడు. "పనంటే అదమ్మా. మనం చేసేదీ ఒక పనేనా!" తలెత్తి, "మరి బడి?" అన్నాడు.

"అటు నుంచే కొలుచుకుంటూ వచ్చాను. ఈ గీత అటు పోదు. మీరు మాత్రం పడక ఈ గదిలోంచి మార్చండి, ఏళ్ళు గడిచే కొద్దీ ఇక్కడ గోడ చీలుతూనే ఉంటుంది."

అత్తగారు ఇంకేదో అనబోయి మొగుడి ముఖం చూసి ఆగిపోయింది. అంత తేటగా ఆ ముఖాన్ని కోడలు ఎన్నడూ చూడలేదు. మేస్త్రి లేచాడు. చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు సరిగ్గా పెట్టుకున్నాడో లేదో కూడా చూసుకోలేదు. గడప దాటి, బడి ఉన్న వైపుకి తిరిగాడు.