కుట్టుపనామె అడిగిన పుస్తకం

ఆ గ్రంథపాలకురాలికి ఇరవై రెండేళ్ళ అనుభవం. గుమ్మంలో అడుగుపెట్టిన మనిషి చెప్పులూ చేతిసంచీ చూసి, ఏ బీరువా తెరవాలో తేల్చేసేది. ఎంపిక తప్పినా ఎవరూ పైకి అనేవారు కాదు కనుక, తన అంచనా తప్పదనే నమ్మింది.

ఒక సోమవారం, మెడలో కొలతల టేపుతోనే కుట్టుపనామె వచ్చింది.

"మాట గురించి పుస్తకం ఏదైనా ఉందా అమ్మా? అసలు మనిషికి మాట ఎలా వస్తుందీ, అలాంటిది."

గ్రంథపాలకురాలు రెండో ప్రశ్న వేయలేదు. అక్షరాలు నేర్చుకునే పెద్దవాళ్ళ కోసం అచ్చేసిన వాచకం తీసి చేతిలో పెట్టింది.

"మెల్లగా కూడబలుక్కుని చదువుకో. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు."

ఆ మాట ప్రేమగానే అంది. ప్రేమగా అన్నందువల్లే కాబోలు, కుట్టుపనామె కాదనలేకపోయింది. మర్నాడు వాచకం తిరిగొచ్చింది. "ఇది కాదమ్మా..." అని ఆమె నసుగుతుండగానే సామెతల పుస్తకం చేతిలో పడింది.

ఆ వారంలోనే రిటైరైన లెక్చరరుగారు వచ్చారు. "భాష మీద తేలిగ్గా ఏదైనా..." అనబోయారు.

"మీకు తేలికవేంటి సార్!" అంటూ, మెదడుకూ మాటకూ ఉన్న సంబంధం గురించి కొత్తగా వచ్చిన లావుపాటి పుస్తకం అందించింది. ఆయన దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళారు.

మూడు వారాలు గడిచాయి. కుట్టుపనామె సామెతల పుస్తకం తిరిగిస్తూ, ఈసారి తన కొలతల నోటుబుక్కు బల్ల మీద తెరిచి పెట్టింది. వెనక పేజీల్లో పొందికైన దస్తూరీతో ఇలా రాసి ఉంది:

"నీళ్ళు కావాలంటే కత్తెర అన్నాడు. కిటికీ చూపించి సోమవారం అన్నాడు. నన్ను పిలవబోయి, పేరు రాక, ఏడ్చాడు."

"మా ఆయన బస్సు డ్రైవరమ్మా. పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. చెయ్యి కాస్త లేస్తోంది గానీ మాటలు తారుమారైపోయాయి. పిచ్చెక్కిందంటున్నారు చుట్టాలు. నాకలా అనిపించట్లేదు. ఏం జరిగిందో తెలుసుకుందామని..."

గ్రంథపాలకురాలు నోటుబుక్కు మీంచి తలెత్తింది. "క్షమించండి. మొదటిరోజే నేను అడగాల్సింది" అంది. ఆమెను "మీరు" అనడం అదే మొదలు.

ఆ సాయంత్రమే లెక్చరరుగారి ఇంటికి వెళ్ళింది. పుస్తకం నలగకుండా అలాగే ఉంది.

"పట్టుకెళ్ళమ్మా, పుణ్యముంటుంది" అన్నారాయన నవ్వుతూ. "మనవరాలితో ఆడుకోవడానికి సామెతలో, పొడుపుకథలో కావాలనుకున్నాను. నువ్వంత గౌరవంగా ఇస్తుంటే కాదనడానికి నోరెలా వస్తుంది?"

ఆ లావుపాటి పుస్తకాన్ని కుట్టుపనామె రెండు నెలలు చదివింది. కొరుకుడు పడని చోటల్లా చీటీ పెట్టి, వచ్చి అడిగేది. గ్రంథపాలకురాలికీ తెలియనివి బోలెడు. ఇద్దరూ కలిసి ఆసుపత్రిలో మాట నేర్పే నిపుణురాలి దగ్గరికి వెళ్ళి అడిగారు. ఆవిడ డ్రైవరును వారానికి రెండు రోజులు తీసుకురమ్మంది.

ఒకరోజు డ్రైవరు, భార్య భుజం పట్టుకుని గ్రంథాలయానికి వచ్చాడు. బల్ల మీది పుస్తకం చూపించి "బస్సు" అన్నాడు. గ్రంథపాలకురాలు సరిదిద్దబోతే, కుట్టుపనామె ఆగమని చేత్తో సైగ చేసింది. ఇద్దరూ ఎదురుచూశారు. అతని నుదుట చెమట పట్టింది.

"పు... పుస్తకం" అన్నాడు.

పాఠకులారా, ఆ ఏడాది గ్రంథపాలకుల సభలో మన గ్రంథపాలకురాలు చేసిన ప్రసంగం చాలా చిన్నది. "నేను వాలకం చూసి పుస్తకాలిచ్చాను. ఒక ఇల్లాలికి మూడు వారాలు వృథా చేశాను. చిన్న పనివాళ్ళకు చిన్న పుస్తకం, పెద్ద చదువుకు పెద్ద పుస్తకం అనుకోవడం కూడా మనిషిని తక్కువ చేయడమే. పుస్తకం చేతికిచ్చే ముందు, అది ఎందుకు కావాలో అడగండి. అడిగాక, చెప్పేదాకా ఆగండి."