తాండూరు అడ్డా దాకా

కాలు ఒకచోట నిలవని పిల్ల ఇక్రా. కూర్చోమంటే నిలబడుతుంది, నిలబడమంటే గుమ్మం దాటుతుంది. అలాంటి పిల్ల చేతికి నాలుగు చక్రాల పలక ఒకటి దొరికితే ఏమవుతుందో వేరే చెప్పాలా? హైదరాబాద్‌లో ఎవరో వాడి వదిలేసిన పొడుగాటి స్కేట్‌బోర్డు అది. వికారాబాద్‌లో మేనత్త గుల్జార్ బేగం ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఇక్రా, సాయంత్రమైతే చాలు, ఊరి చివరి వెంచర్లలో తేలేది. అక్కడ ఇళ్ళు లేవు, మనుషులు లేరు, ప్లాట్ల మధ్య నున్నటి తారు రోడ్లు మాత్రం ఉన్నాయి. ఆ ప్లాట్లకు కొనేవాళ్ళు దొరికారో లేదో గాని, ఆ రోడ్లకు ఇక్రా దొరికింది.

కిందటి వానాకాలం అనంతగిరి గుట్ట దిగుడులో పడి ముంజేయి విరగ్గొట్టుకునేదాకా అంతా బాగానే సాగింది. కబురందగానే తాండూరు నుంచి వాళ్ళ నాన్న గులాం నబీ వచ్చాడు. ఆయన తాండూరులోని ఆటోల అడ్డాకూ పెద్దేముల్‌కూ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. బిడ్డ చేతికున్న కట్టు చూశాడు, మూలన నిలబెట్టిన పలక చూశాడు, గొడ్డలి ఎక్కడుందని చెల్లెలిని అడిగాడు. ఇక్రా పోయి ఆ పలక మీద బోర్లా పడుకుంది. తండ్రి అరిచాడు, బిడ్డ ఏడ్చింది, మేనత్త ఇద్దరికీ చాయ్ పెట్టింది. చివరికి విసిగిపోయి గులాం నబీయే షరతు పెట్టాడు.

"చెయ్యి బాగైనంక వికారాబాద్ నుంచి తాండూరు అడ్డా దాకా దీని మీదనే రా. ఏ బండీ ఎక్కద్దు. అలసిపోతే ఆగు, గాని దిగి ముందుకు నడవద్దు. వస్తివా, మళ్ల నేను నోరు తెరువ. దిగితివా, దిగిన కాడనే ఇది పొయ్యిల కట్టె."

"తొయ్యనీకి కాలు కింద పెట్టాలె గద అబ్బా?"

"గది వేరే."

బిడ్డ వల్ల కాదనుకునే అన్నాడు. కానీ గులాం నబీ అన్న మాట మింగే మనిషి కాదు. అడ్డాలో ఎవరినడిగినా ఆ సంగతి చెబుతారు. అందుకే ఇక్రాకు ఆశా ఆ మాట మీదే, భయమూ ఆ మాట మీదే.

కంది కోతలు ముగిసే రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరింది. మేనత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. గుల్జార్ బేగం ఒట్టు వేసింది, రొట్టెలో గుడ్డు చుట్టి ఇచ్చింది, పిల్ల సందు మలుపు తిరగగానే అన్నకు ఫోన్ చేసింది. ఆమె కడుపులో మాట ఆగిన రోజు ఇంతవరకు లేదు.

అనంతగిరి దాకా ఎక్కుడు. కుడికాలితో తోసి తోసి తొడ మండిపోయింది. దిగుడు మొదలయ్యాక ఇంకా కష్టం. పోయినసారి పడిన మలుపు దగ్గరికొచ్చేసరికి ముంజేయి దానంతట అదే ఒంటికి అతుక్కుంది. ఎడమకాలు పలక మీద ఉంచి, కుడి బూటు అడుగు నేలకు రాస్తూ, రాస్తూ దిగింది. బూటు రబ్బరు కమురు వాసన కొట్టింది. మలుపు దాటాక ఆగి ఊపిరి పీల్చుకుందామా అనుకుంది గానీ, ఆగడం ఆ పిల్ల జాతకంలోనే లేదు. రొట్టె కూడా కదులుతూనే తిన్నది.

ధారూరు దాటిన దగ్గర్నుంచి ఆటోల పీడ మొదలైంది. వచ్చే పోయే ప్రతి ఆటోవాడూ వేగం తగ్గించడం, ఆమె కాళ్ళకేసి చూడడం, ముందుకు పోయి ఇంకో ఆటోవాడికి చెయ్యి బయట పెట్టి అయిదు వేళ్ళూ విదిలించడం. డ్రైవర్ల సైగలు ఇక్రాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ముందు పోలీసులున్నారంటే ఒక సైగ, సవారీలు లేరంటే ఒక సైగ. ఈ వేళ్ళు విదిలించడం మాత్రం ఎన్నడూ చూడలేదు.

అత్త చెప్పేసిందన్నమాట! ఒళ్ళు మండిపోయింది ఇక్రాకు. అబ్బా దారిపొడుగునా కాపలా పెట్టాడు, ఎక్కడ దిగి నడుస్తుందో పట్టుకోవడానికే ఈ ఏర్పాటంతా. ఆయన స్నేహితుడు భీమప్ప తన ఆటోను పక్కనే నడుపుతూ తల బయటికి పెట్టాడు.

"ఎక్కు బిడ్డా, ఎండ దంచుతుంది."

"నేనెక్కితే ఫోన్ చేసి చెప్దామనా, భీమప్ప మామా?"

"అయ్యో, గట్ల అంటవేంది!" అని నవ్వి, గేరు మార్చి ముందుకు పోయాడు. పోతూ పోతూ ఆయన కూడా అయిదు వేళ్ళూ విదిలించాడు.

ఇక ఆమె నీళ్ళు తాగడానికి కూడా ఆగలేదు. ఆగితే చూస్తారు, చూస్తే చెబుతారు. బండలు మోసుకుపోయే లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోతే గాలికి ఊగిపోయింది, అయినా తోపు ఆపలేదు. పెద్దేముల్ దాటాక రోడ్డు నిండా కంది కట్టె పరిచి ఉంది, బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. పలక చక్రాలకు అది గోడతో సమానం. అయిపోయిందనుకుని ఆగబోతుండగా అక్కడున్న ఒకామె కేకేసింది.

"ఏ, జరుపుండ్రే! నబీ బిడ్డ వస్తుంది!"

నలుగురు ఆడవాళ్ళు గబగబా కట్టె పక్కకు లాగి సన్నటి దారి ఇచ్చారు. ఇక్రా వాళ్ళకు సలాం కొట్టి దూరిపోయింది. ఇంత దూరం కాపలా పెట్టాడా ఈయన, అని దారంతా గొణుక్కుంటూనే ఉంది. మంచి చేసినా అనుమానమే. ఆత్రపడే మనసుకు అన్నీ అడ్డంగానే కనిపిస్తాయి.

తాండూరు పొలిమేరలో బండలు పాలిష్ పట్టే మిషన్లు రెండు పక్కలా ఉంటాయి. తెల్లటి రాతి పొడి చెట్ల మీదా, గోడల మీదా, రోడ్డు మీదా అంతటా పేరుకుని ఉంటుంది. ఆ వైపు జనానికి గౌరవమంటే ముందు దుమ్ము అణచడం. పెళ్ళి బరాత్ వచ్చినా, పీర్ల సవారీ వచ్చినా ముందు నీళ్ళ ట్యాంకర్ నడుస్తుంది, వెనక జనం నడుస్తారు.

ఇక్రా మలుపు తిరిగింది. ఎదురుగా రోడ్డంతా తడిసి మెరుస్తోంది. కనుచూపు మేర పొడి జాగా లేదు. ట్యాంకర్ స్టీరింగు ముందు తండ్రి దోస్తు యాసీన్ కూర్చున్నాడు. వెనక గులాం నబీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పైపు పట్టుకుని నిలబడ్డాడు. నిలువెల్లా తడిసి ఉన్నాడు. నవ్వుతున్నాడు. చెయ్యి విరిగిన రోజు తర్వాత ఆయన తనను చూసి నవ్వడం ఇదే మొదటిసారి.

"రా బేటా, రా! దుమ్ము లేవద్దని నీళ్లు కొట్టినం!"

రోడ్డుకు రెండు వైపులా ఆటోలు బారులు తీరి ఉన్నాయి. భీమప్ప అప్పటికే వచ్చి చేరాడు. "పొద్దుగాల్నించి ఆటోల లైన్ల తన నంబర్ ఇడిశిపెట్టి గీడనే ఉన్నడు మీ అబ్బ," అని అరిచాడు. "నువ్వు యాడి దాకొచ్చినవో మేం ఒకలకొకలం చెయ్యి ఊపి చెప్తుంటె, గాయన ట్యాంకర్ తయారు చేసిండు!"

వేళ్ళు విదిలించడమంటే నీళ్ళు చల్లమని! పొద్దుటి నుంచీ ఈ మనుషులందరినీ లోలోపల తిట్టుకుంటూ వచ్చినందుకు ఇక్రాకు సిగ్గేసింది. ఒక్క తోపు తోసింది. ముందు చక్రాలు తడి మీదికి ఎక్కగానే పక్కకు జారాయి. రాతి పొడి తడిసి దోసెల పిండిలా అయింది. పలకను ఎలాగో ఆపి, దాని మీదే ఊగుతూ నిలబడింది.

దీని మీద పోతే పడుతుంది. పడితే మళ్ళీ అదే చెయ్యి, అదీ ఆయన కళ్ళ ముందు, ఆయన చల్లిన నీళ్ళలో. ఆరేదాకా కూర్చుందామంటే, ఎందుకు కూర్చున్నావని అడుగుతారు. అబ్బా, నీ నీళ్ళే నన్ను ఆపాయని ఇంతమందిలో ఆ నవ్వు మొహం మీద ఎలా అనడం? అడ్డా ఇంకా కొంచెం ముందుంది. ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. పలక అంటే ప్రాణం ఇక్రాకు. ఆ ప్రాణం గిలగిలలాడుతుండగానే దిగింది. తడిలో ఒక అడుగు ముందుకు వేసింది.

"నాతోని కాదబ్బా. మస్తు అలసిపోయిన."

హారన్లు ఆగిపోయాయి. గులాం నబీ నవ్వు కూడా ఆగింది. పైపు కింద పడేసి దగ్గరికి వచ్చాడు. బిడ్డ మొహం చూశాడు, తర్వాత నేల మీద చక్రాలు జారిన వంకర గీత చూశాడు. చెప్పు కాలితో ఆ బురదను నొక్కాడు. చెప్పు సర్రున జారింది. ఏళ్ళ తరబడి బండి తోలిన మనిషికి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

వంగి పలకను తీసుకున్నాడు. అయిపోయింది, ఇక పొయ్యిలోకే, అనుకుని ఇక్రా కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆయన భుజం మీది రుమాలుతో చక్రాలు తుడుస్తున్నాడు.

"తాండూరుకు వచ్చినవ్ బేటా," అన్నాడు అందరికీ వినబడేలా. "అడ్డా గిదే."

"ఏంది భాయ్!" భీమప్ప నవ్వాపుకోలేకపోయాడు. "గీడ దిగుతమన్నోళ్లతోని రోజూ కొట్లాడ్తవ్ గద, అడ్డా ఇంక రాలేదని!"

"ఇయ్యాల వచ్చింది."

మాట మీద నిలబడే మనిషి మాటను కదపలేక అడ్డానే జరిపాడు. డ్రైవర్లంతా ఒక్కసారి గోల చేశారు. ఇక్రా నవ్వబోయి ఏడ్చింది. గులాం నబీ పలకను చంకలో పెట్టుకుని, జారకుండా బిడ్డ రెక్క పట్టుకుని, బురదలో మెల్లగా నడిపించాడు.

"బేరింగులల్లకు నీళ్లు పోయినయేమో," అన్నాడు కొంత దూరం పోయాక. "ఇంటికాడ గ్రీసు ఉన్నది, పెడ్త."

"గ్రీసు వద్దబ్బా. పెడితే చక్రం గుంజుతది. సన్న నూనె ఎయ్యాలె."

"గట్లనా?" ఆయన ఆగి, పలకను తిప్పి పట్టుకుని, ఒక చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. "మరి గిది మలుపు కాడ ఎట్ల తిరుగుతది?"

ఇన్నాళ్ళలో ఆయన ఆ పలక గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. ఇక్రా చెప్పడం మొదలుపెట్టింది, ఇల్లు వచ్చినా ఆపలేదు.