పొయ్యి మీద ఏమీ లేదు

దివిసీమలో నేలను వేడి చేయడానికి పొయ్యి కట్టిన మొదటి మనిషి మా ఆయన శామ్యూల్ రాజ్. ఆఖరివాడు కూడా ఆయనే అయ్యుంటాడు. ఏప్రిల్లో గుమ్మం బయట చెప్పుల్లేకుండా నిలబడితే కాళ్లు బొబ్బలెక్కే ఊళ్లో ఇదేం పిచ్చి అని మీరంటారు. నేనూ అదే అన్నాను. ఆయన గుడివాడలో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతాడు. సెలవుల్లో పిల్లలు దొరకరు కాబట్టి నాకు చెబుతాడు.

దీనంతటికీ కారణం మా అత్తగారు ఆనందమ్మ. మోపిదేవి పక్కన మా ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. పాస్టరుగారు పాట నంబరు చెప్పగానే అందరూ ఆడవాళ్ల వైపు ముందు వరుసలోకి చూస్తారు. చాప మీద కూర్చున్న ఈవిడ గొంతు సవరించుకుని అందుకుంటే, మిగతావాళ్లకి అప్పుడు నోరు పెగులుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆవిడకంటే ముందు నేను మొదలుపెట్టాను. ఆ చూపు ఇంకా గుర్తుంది.

పోయిన డిసెంబరులో, తెల్లవారుజాము ప్రార్థనల్లో, ఆ చల్లటి గచ్చు మీద ఆవిడ మోకాళ్లు పట్టేశాయి. ఇద్దరం పట్టుకుని లేపాల్సొచ్చింది. హనోకు పాస్టరుగారు జాలిపడి ప్లాస్టిక్ కుర్చీ వేయించారు. కుర్చీలు ముందు వేస్తే వెనకవాళ్లకి కనబడదని గోడ పక్కన, అన్నిటికంటే వెనక వేస్తారు. క్రిస్మస్ రోజు అక్కడి నుంచి ఆవిడ పాట ఎత్తుకునేలోపే పాస్టరుగారి కోడలు జెస్సీ కీబోర్డు నొక్కేసింది. జెస్సీ మంచి పిల్లే. ఆ కీబోర్డే నాకు నచ్చదు.

క్రిస్మస్ పాట చేజారడం మా అత్తగారికి మామూలు సంగతి కాదు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "వచ్చే క్రిస్మస్‌కి నేల మీద కూర్చోగలిగితే సరే. లేకపోతే నన్ను గుడికి రమ్మనకండి. కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టడానికి నేనేమన్నా పెళ్లికొచ్చానా?" అంది.

ఈ ఏడు చర్చికి టైల్స్ వేయిస్తున్నారని తెలియగానే మా ఆయన బుర్రలో బల్బు వెలిగింది. చలిదేశాల్లో నేల కింద గొట్టాలు పరిచి వాటిలో వేడినీళ్లు తిప్పుతారట. టైల్స్ కింద గొట్టాలు పరిపించాడు. చర్చి వెనక రేకుల పంచలో ఇటుకలతో పొయ్యి కట్టాడు. కింద చిన్న నోరు, పైన పొగగొట్టంలాంటి మెడ, మెడ చుట్టూ నీళ్లు తిరిగే రాగి చుట్ట. నాలుగు సరుగుడు పుల్లలు దూరిస్తే చాలు, మంట బుస్సుమని పైకి లేస్తుంది, పొగే ఉండదు. నీళ్లు తిప్పడానికి మా ఇంట్లో కూలర్ మోటారు ఊడబెరికాడు.

"దీన్ని రాకెట్ స్టవ్ అంటారండీ" అన్నాడు పాస్టరుగారితో.

"గుడి ఎగిరిపోదు కదా బాబూ?" అన్నారాయన.

క్రిస్మస్‌కి ముందురోజు వెలిగించి చూశాం. నిజం చెప్పాలి, నేల వెచ్చబడింది. మా అత్తగారు తన చోట కూర్చుని, కాళ్లు చాపి, టైల్‌ని అరచేత్తో నిమిరింది. కొడుకుని తిట్టలేదు. ఆవిడ తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే.

క్రిస్మస్ తెల్లవారుజామున మా ఆయన పొయ్యి వెలిగించి, లోపల గొట్టాలు తడిమి చూసుకుంటున్నాడు. జనం శాలువాలు కప్పుకుని వచ్చి కూర్చుంటున్నారు. పాస్టరుగారు బైబిలు తెరిచారో లేదో, వెనక కిటికీలోంచి పొగ లోపలికి తోసుకొచ్చింది. మామూలు పొగ కాదు. దగ్గుతూ, కళ్లు నలుపుకుంటూ ఊరు ఊరంతా బయటికి పరుగెత్తింది.

మా ఆయన వెనక్కి ఉరికాడు. నేనూ ఉరికాను. పొయ్యి మెడ మీద, మంట పైకి రావాల్సిన ఆ ఒక్క కంతనీ మూసేస్తూ, చర్చి భోజనాలకి, అదే ప్రేమవిందుకి, వండే గిన్నె ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. దాన్నిండా పాలు. పక్కన గరిటె పట్టుకుని మా అత్తగారు.

"అమ్మా! ఎవరు పెట్టారిది?"

"నేనే పెట్టాను. అంత మంట పెట్టి పైన ఏమీ పెట్టకుండా వదిలేస్తావా? పండగపూట ఖాళీ పొయ్యి చూస్తూ ఎలా ఊరుకోమంటావురా?"

"అది వంటకి కాదమ్మా, నేలకి!"

"నేల తాగుద్దా టీ?"

ఆయన నెత్తి పట్టుకున్నాడు. నాకు నవ్వాగలేదు. మా ఇళ్లల్లో పుట్టిన ఏ ఆడది అయినా అదే చేస్తుంది, నేనైనా సరే. గిన్నె దించమంటే పాలు పొంగేదాకా దించనంది. చివరికి మా ఆయన మూడు ఇటుకముక్కలు తెచ్చి గిన్నె కింద సందు చేశాడు. మంట మళ్లీ బుస్సుమంది. పొగ పోయింది.

ఆ మంచులో మంట కనబడితే జనం ఊరుకుంటారా? చర్చి అంతా పంచ చుట్టూ చేరింది. మగవాళ్లు, ఆడవాళ్లు, ముందు వరుస, వెనక వరుస అన్నీ కలిసిపోయాయి. కీబోర్డు లోపలే ఉండిపోయింది. జెస్సీ చేతులు కాచుకుంటోంది.

"సరే, పాటతో మొదలుపెడదాం" అన్నారు పాస్టరుగారు.

అందరూ గిన్నె వైపు చూశారు. మా అత్తగారు టీపొడి వేసి, గొంతు సవరించుకుని, గరిటె తిప్పుతూనే ఎత్తుకుంది. ఏడాదిపాటు దాచుకున్న గొంతు అది. ఊరంతా అందుకుంది. నా కళ్లల్లో నీళ్లొచ్చాయి. పొగవల్ల అని బుకాయించను, ఏడ్చాను.

ప్రసంగం టీ అయిపోయేలోపే అయిపోయింది. పాస్టరుగారు జీవితంలో అంత తొందరగా ఎప్పుడూ ముగించలేదు. చేతిలో గ్లాసు కాలుతుంటే ఎవరైనా క్లుప్తంగానే చెబుతారు.

"ఇప్పుడు రా అమ్మా, నేల బాగా వెచ్చబడింది. నీ చోట కూర్చుందువుగాని" అని మా ఆయన ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్లాడు. వెనకాలే నేనూ వెళ్లాను. ఆడవాళ్ల వైపు, ముందు వరుసలో, సరిగ్గా ఆవిడ చాప మీద, ఊరకుక్క ఒకటి నాలుగు కాళ్లూ చాపుకుని గురకపెడుతోంది. మా ఆయన దాన్ని తోలబోయాడు.

"ఉండనీరా. దానికీ మోకాళ్లుంటాయి" అంది మా అత్తగారు. మళ్లీ పంచ వైపు తిరుగుతూ, "జనవరి ఒకటికి ఇంకాస్త పెద్ద గిన్నె చూడు" అంది.